ఖాళీ కుర్చీలకు ఉపన్యాసం

నా చిన్నప్పుడు పెళ్లి భోజనాల దగ్గర మైకు ఉండేది, దానికి కాస్త సిగ్గు కూడా ఉండేది. ఇప్పుడు మైకే మిగిలింది. మొన్న మాఘమాసంలో మా చోడవరంలోనే ఒక ఫంక్షన్ హాల్లో భోజనానికి కూర్చున్నాను. మనిషంత ఎత్తు సౌండు బాక్సులు ఎదురుగా నిలబెట్టారు. దప్పళం వడ్డించే ఆమెతో "చాలమ్మా" అని మూడుసార్లు అరిచాను. ఆమె మూడుసార్లూ వేసి వెళ్లింది. ఆ మోతలోనే పెళ్లికొడుకు మేనమామ మైకందుకుని, ఈ సంబంధం తానెంత కష్టపడి కుదిర్చాడో చెప్పడం మొదలుపెట్టాడు. శ్రద్ధగా విన్నది ఆయనొక్కడే. నాకు నవ్వొచ్చింది, మా తాతయ్య గుర్తొచ్చాడు.

మా తాతయ్యకి మైకు సెట్టు ఉండేది. గోవాడ నుంచి దేవరాపల్లి దాకా ఎక్కడ పెళ్లయినా మైకు గొట్టాలనూ, రికార్డుల పెట్టెనూ ఎడ్లబండికెక్కించుకుని వెళ్లేవాడు. నేను బడి మొహం చూడలేదు. ఆ రికార్డుల మీది పేర్లు చూపించి నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. భోజనాలప్పుడు ఆయనకొక పద్ధతి ఉండేది. విస్తళ్లు వేసి అందరూ గోవింద అనేముందు పాట ఆపేసేవాడు. దేవుణ్ణి పిలవడానికి బ్యాటరీ అక్కర్లేదనేవాడు. తరవాత సన్నాయి రికార్డు పెట్టి, తాను వెళ్లి బంతి చివర నిలబడేవాడు. అక్కడ కూర్చున్న మనిషి గొంతు పెంచకుండా "చాలు" అంటే వడ్డించేవాళ్లకి వినబడాలి. వినబడకపోతే గబగబా వచ్చి సౌండు తగ్గించేవాడు.

మా పక్కింటి అక్క, తండ్రి పోతే, పెదనాన్న ఇంట్లో పెరిగింది. చెయ్యి అన్నం పెడుతుంటే నోరు ఊరుకోని మనిషి ఆ పెదనాన్న. అక్క కంచం ముందు కూర్చుందంటే చాలు, "దీన్ని నానే సాకుతన్నాను" అని ఎవరో ఒకరికి చెప్పేవాడు. పాలాయనకి చెప్పేవాడు, గాజులమ్మే ఆమెకి చెప్పేవాడు, ఎవరూ దొరక్కపోతే గేదెకైనా చెప్పుకుంటాడని మా అమ్మ అనేది. అక్క ఎప్పుడూ సగం తిని లేచిపోయేది.

ఆ అక్కకి పెళ్లి కుదిరింది. పెళ్లినాటి పొద్దున్న పసుపు బట్టలతోనే మా తాతయ్యని వెతుక్కుంటూ వచ్చింది. "తాతా, మా పెదనాన్నకి మైకియ్యకు. అత్తోరి ముందర ఆ మాటలంటే నాను జన్మలో తలెత్తుకోలేను" అంది. తాతయ్య "నువ్వు కడుపు నిండా తినమ్మా, ఆ సంగతి నాను సూస్తాను" అన్నాడు.

పెళ్లిపందిరి ఇంటి ముందు. భోజనాలు మాత్రం వీధికి అటుపక్క, బెల్లం వండే పాక ముందున్న కళ్లంలో. మమ్మల్ని బంతికి కూర్చోబెట్టగానే పెదనాన్న పందిట్లో ఉన్న తాతయ్య దగ్గరికెళ్లి, "ఆళ్లు తింటన్నప్పుడే మాటాడతాను. బంతిలోంచి లెగిసిపోలేరు కదా!" అన్నాడట. అందరూ తినేదాకా బంతిలోంచి ఎవరూ లేవకపోవడం మన మర్యాద. ఆ మర్యాదనే పలుపుతాడు చేసి మనుషుల్ని కట్టెయ్యాలనుకున్నాడు. ఆయన తెలివంతా అలాంటి చోటే పనిచేసేది. తాతయ్య మైకు చేతికిచ్చాడు.

నేను అక్క పక్కనే కూర్చున్నాను. అక్కకి అటుపక్క అత్తగారు. పాక మీది గొట్టంలోంచి మాట వినబడింది. "ఈ ఆడగుంట తండ్రి పోయినప్పుడు దీనికేటుంది..." అక్క చెయ్యి పులిహోరలో ఆగిపోయింది. అత్తగారు తలెత్తింది. అంతే, గొట్టం గరగరమని ఊరుకుంది. బంతి చివర ఒక ముసలాయన మెల్లగా "చాలమ్మా, చాలు" అన్నాడు. ఆ మాట మా దాకా వినబడింది. అప్పుడు అత్తగారు వడ్డించే ఆమెని పిలిచి, "మా కోడలికింకో బూరి ఎయ్యండమ్మా, ఏటీ తిన్లేదు" అంది. అక్క చెయ్యి మళ్లీ కదిలింది. ఆ పూట అక్క విస్తరి ఖాళీ చేసి లేవడం నేను కళ్లారా చూశాను.

చేతులు కడుక్కుని పందిట్లోకి పరుగెత్తాను. పెదనాన్న ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీలు, వాటి కింద పడుకున్న ఒక కుక్క. తాతయ్య గొట్టాల వైర్లు పీకేసి, పెదనాన్న కాళ్ల దగ్గరి చిన్న సౌండు పెట్టె ఒక్కటే పలికేలా వదిలేశాడు. తన గొంతు తనకి గణగణ వినబడుతోంది. "పదేళ్లు నా ఇంటి కూడే తింది" అంటూ, తన మంచితనానికి తానే కరిగిపోయి కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు కూడా. పక్కన మా తాతయ్య చేతులు కట్టుకుని, పురాణం వింటున్నంత భక్తిగా తలూపుతున్నాడు.

ముగించాక పెదనాన్న గర్వంగా అడిగాడు. "ఏటోయ్, ఎలాగుంది నా మాట?"

"తమరికి బాగా వినబడిందా బాబూ?"

"ఓ, బెమ్మాండంగా!"

"మరింకేటి బాబూ, వినాల్సినోళ్లు విన్నారు."

సాయంత్రం వైర్లు చుట్టి పెడుతూ, అసలు మైకెందుకిచ్చావని తాతయ్యని అడిగాను. "ఇయ్యకపోతే బంతి మధ్యకొచ్చి అరుస్తాడే. ఇస్తే ఆ వైరు ఎంత పొడుగో అంతలోనే ఉంటాడు" అన్నాడు.

అంత చేసినవాడు, అక్కకి పదేళ్లు తిండి పెట్టినవాడు, ఆయన్ని ఇలా చులకన చెయ్యడం తప్పేనేమో. పూజలో కూర్చున్నప్పుడు అందరితోపాటు ఆయన ఆత్మకీ మంచి జరగాలనే కోరుకుంటాను. మంచి జరగాలి, మైకు మాత్రం దొరక్కూడదు.

ఇప్పటి మైకులకి వైర్లు లేవు. మొన్నటి మేనమామ బల్లల మధ్య తిరుగుతూ మా విస్తళ్ల మీదికి వంగి మరీ మాట్లాడాడు. పీకడానికేమీ లేక పెళ్లికూతురి చేతివైపు చూశాను. తింటోంది. దేవుడి దయ అనుకున్నాను.

విస్తరి ముందు కూర్చుంటే ముందు గోవిందుణ్ణి తలుచుకుంటాను, వెంటనే ఆ వైర్లు పీకిన చేతిని. నా చేతిమీదుగా ఎవరికైనా ఒక ముద్ద వెళ్లి ఉంటే, ఆ సంగతి ఊళ్లోవాళ్లకే కాదు, నా కాళ్ల దగ్గరి పెట్టెలో నాకు కూడా వినబడకుండా చూసుకుంటున్నాను.