అందరినీ కూర్చోబెట్టిన బాపు

మా బాపుకు పొద్దున లేస్తే తలనొప్పి. వేడి చేసిందంటూ తలకు రుమాలు బిగించి కట్టుకునేవాడు. మా అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వ పెద్ద చెంబు నిండా మజ్జిగ చిలికి, ఉప్పు దండిగా వేసి ఇచ్చేది. అది తాగి పొలానికి వెళ్లిపోయేవాడు. ముఖం ఎప్పుడూ ఎర్రగా ఉండేది. ఆ ఎరుపు చూసి మనిషి ఎంత దిట్టంగా ఉన్నాడోనని ఊళ్లో మెచ్చుకుంటుంటే మేమూ మురిసిపోయేవాళ్లం.

మాది మరిపెడ దగ్గర ఊరు. ఎనభైల మొదట్లో బాపే పూనుకుని డాక్టర్లను మా ఊరి బడికి పిలిపించాడు. పెద్దవాళ్లందరికీ బీపీ చూస్తామన్నారు. ఏ జబ్బూ లేకుండా డాక్టరు ముందు కూర్చోవడమంటే, లేని రోగాన్ని పిలిచి పీట వేయడమేనని మావాళ్ల నమ్మకం. ఎవరూ రాలేదు. బాపుకు తల తీసేసినట్టయింది. పొలాల్లోంచి మనుషులను లాక్కొచ్చాడు. పక్కనున్న లంబాడీ తండాకు వెళ్లి అక్కడివాళ్లను వెంటబెట్టుకొచ్చాడు.

తండా నుంచి వచ్చిన ఒక ముసలామె చెయ్యి ఇవ్వనని మొండికేసింది.

"నాకేం రోగం లేదు పటేలా."

"లేదని నువ్వు జెప్పుడేంది? మిషిని జెప్తది. కూసో!" అని బాపు కసిరి కూర్చోబెట్టాడు.

డాక్టరు చేతికి పట్టీ చుట్టి చూస్తే ఆమెకు బీపీ బాగా ఎక్కువుంది. గోలీలు రాసిచ్చాడు. చివర్లో సామాను సర్దుతూ, "మీది కూడా చూస్తాను, కూర్చోండి" అని బాపుతో అన్నాడు.

బాపు నవ్వాడు. "అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంల లాఠీ దెబ్బకే పడలే నేను. గీ పట్టీ నాకేం జెప్తది? లేవుండ్రి సారూ, అన్నం సల్లారుతది."

మా ఇళ్లలో అన్నానికి లేవమన్నాక ఇంకో మాట ఉండదు. డాక్టరు సంచీ మూసేశాడు.

ఆ తర్వాత సంతలో తండా ఆమె కనబడితే చాలు, "గోలి మింగినవా?" అని బాపు దూరం నుంచే కేకేసేవాడు. ఆ కేకకు భయపడైనా ఆమె మింగేది.

మిరపకాయలు ఏరే కాలంలో ఒక ఉదయం మజ్జిగ చెంబు బాపు చేతిలోంచి జారిపడింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకేసారి పడిపోయాయి. దవాఖానలో డాక్టరు ఇంతకుముందు తలనొప్పి ఉండేదా, ఏమిచ్చేవాళ్లని అడిగాడు. అవ్వ మజ్జిగ సంగతి చెప్పింది. బీపీకి ఉప్పు మంచిది కాదని, ఏడాదికోసారి చూపించుకున్నా ముందే తెలిసేదని ఆయన మెల్లగానే అన్నాడు. ఆ ఉప్పు వేసింది నేనేనని అవ్వ తల బాదుకుంది. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు బాపు మీద కోపమొచ్చింది. ఊరందరి చేతులకూ పట్టీ చుట్టించిన మనిషికి తన చెయ్యి బరువైందా?

బాపును ఇంటికి తెచ్చాక తండా ఆమె చూడటానికి వచ్చింది. మంచం పక్కన కింద కూర్చుంది.

"నువ్వు కసిరితె కూసున్న పటేలా, బతికిన. నిన్ను కసిరి కూసోబెట్టేటోడు ఒక్కడు లేకపాయె."

బాపు కళ్ల వెంట నీళ్లు కారాయి.

మరుసటి ఏడు డాక్టర్లు మళ్లీ బడికి వచ్చారు. బాపు తీసుకెళ్లమని సైగలు చేస్తే కుర్చీలో మోసుకెళ్లాం. అందరికంటే ముందు దించమని చూపించాడు. ఊరంతా చూస్తుండగా, ఎడమ చేత్తో పడిపోయిన కుడి చేతిని ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆ చెయ్యి వద్దు, రెండోది ఇవ్వమన్నాడు డాక్టరు. బాపు ఇచ్చాడు. వెనకాల అప్పటికే జనం బారులు తీరారు. ఆ ఏడు ఎవరినీ పొలాల్లోంచి లాక్కురావాల్సిన పని పడలేదు.