సాన్పి చల్లని మూల

పొద్దున బాలలక్ష్మిని లేపేది వాసన. కళ్ళు తెరవకముందే తెలిసిపోతుంది, కుక్కపిల్ల మళ్ళీ మగ్గం గుంటలో ఉచ్చ పోసిందని. లేవాలనిపించదు. కాసేపు అట్లాగే పడుకుని పైకప్పు చూస్తుంది. తర్వాత లేస్తుంది. ఆమె లేవకపోతే ఆ ఇంట్లో ఏదీ లేవదు.

సిద్దిపేటలో పాత సాలోళ్ళ గల్లీలో కింది పోర్షన్ వాళ్ళది, కిరాయికి. ముందు గదిలో సగం మగ్గానిదే. నేలలో తవ్విన గుంట, గుంట అంచున కూర్చునే పలక, గుంట లోపల కాళ్ళతో తొక్కే చెక్కలు. మిగతా నేలకంతా ఇంటి యజమానురాలు టైల్స్ వేయించింది. మట్టి మిగిలింది ఆ గుంటలోనే. కుక్కపిల్లకు కాలికింద మట్టి తగిలిన చోటు బయట అనిపించి ఉంటుంది. ఆమె అట్లా అనుకుని సరిపెట్టుకునేది. సరిపెట్టుకున్నా తుడవాల్సింది ఆమే.

కుక్కపిల్లను తెచ్చింది ఆమె భర్త దత్తాత్రి. వయసంతా భివండి మరమగ్గాల మధ్య గడిపి, రెండు చెవులూ అక్కడే వదిలి ఇంటికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మగ్గం ఎక్కమని ఆమె ఒకసారి సైగ చేసింది. "చేతులు మర్చిపోయినయ్" అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. పెడితే తినేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాదు. అట్లాంటి మనిషి ఒకరోజు తనంతట తానే చెప్పులేసుకుని, ఎవరి బండి మీదో చంద్లాపూర్ దాకా పోయి, సాయంత్రానికి తువ్వాలలో ఏదో చుట్టుకుని వచ్చాడు. తువ్వాల కదిలింది.

"గిదేందయ్యా?" అని వేలితో చూపించింది ఆమె.

"సేట్" అన్నాడు అతను. వినబడని మనిషి గొంతు పెద్దది, గల్లీ అంతా విన్నది. "తినుడు, పండుడు, మనతోని పని చేయించుడు. భివండిల మా సేట్ గిట్లనే ఉంటుండె."

ఆమెకు నవ్వొచ్చింది. అతను భివండి నుంచి వచ్చాక ఆ ఇంట్లో అది మొదటి పరాచికం. నవ్వినందుకే తర్వాత వద్దని చెప్పలేకపోయింది.

కుక్కకు ఇంటి పద్ధతి నేర్పడం ఎట్లాగో వాళ్ళకు తెలియదు. బాలలక్ష్మి పుట్టింట్లో కుక్కలు వాకిట్లో పుట్టి వాకిట్లోనే పెరిగేవి. ఎవరూ లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు గనక, నేర్పే పనే ఉండేది కాదు. కానీ ఈ గల్లీలో కుక్కలు గుంపు కట్టి తిరుగుతాయి. సేట్‌ను బయట వదిలితే తెల్లారేసరికి ఉండదు. అందుకే అది మంచం కింద పడుకునేది.

పై అంతస్తులో ఉండే యజమానురాలు విజయమ్మ మెట్ల మీద నుంచే సలహా చెప్పింది.

"మూతి పట్టి దాంట్ల రాయవే. ఒక్కసారి రాస్తె మల్ల జన్మల పొయ్యది."

బాలలక్ష్మి రాసింది. పిల్ల ఆమె ముఖం చూసింది. దానికి అర్థమైంది ఒక్కటే, ఈమె చూస్తుండగా పోయకూడదని. ఆ రోజు నుంచి గుంటలో ఇంకా లోపలికి, చెక్కల కింద చేయి ఆనని మూలకు పోయి పోసేది.

కూతురు శ్వేత మెడికల్ షాపులో పనిచేస్తుంది. సాయంత్రం వస్తూ పాత పేపర్లు తెచ్చింది.

"అమ్మా, ఫోన్ల జూసిన. పేపర్ పరిస్తె దాని మీదనే పోస్తదట. తర్వాత రోజింత వాకిలి దిక్కు జరుపుకుంట పోవాలె."

సేట్ పేపర్ల మీద హాయిగా పడుకుంది. లేచి వాటిని చింపింది. తర్వాత గుంటలోకి దిగింది. శ్వేత ముక్కలు ఏరుతూ పడీపడీ నవ్వింది. బాలలక్ష్మి గుడ్డ తీసుకుని గుంటలోకి వంగింది. నడుం పట్టేసింది. కాసేపు అట్లా వంగే ఉండిపోయింది.

దత్తాత్రి ఇంకో సంగతి కనిపెట్టాడు. పిల్ల తలుపు దగ్గర నిలబడి మూలుగుతుంది. అతనికి వినబడదు. మగ్గం ఆడుతుంటే ఆమెకూ వినబడదు. మగ్గం కింద పడిన దారపు కొసలు ఏరి, పేని, ఒక చివర పిల్ల మెడకు కట్టాడు, ఇంకో చివర తన కాలి బొటనవేలికి. పిల్ల తలుపు వైపు పోతే వేలు గుంజేది. లేచి తలుపు తీసేవాడు.

ఇద్దరూ వాకిట్లో నిలబడేవాళ్ళు. పిల్ల నేల వాసన చూసేది. ముగ్గు మీదుగా గోడ దాకా, గోడ నుంచి మురుగునీళ్ళ మోరి దాకా. ఏదో వెతుకుతున్నట్టు ఉండేది. దొరకనట్టు తలెత్తి అతన్ని చూసేది. అతను "పొయ్యి సేట్, పొయ్యి" అని అరిచేవాడు. ఎదురింటి వాళ్ళు కిటికీలోంచి చూసేవాళ్ళు. ఎంతసేపటికీ కాక లోపలికి వచ్చేవాళ్ళు. వచ్చీ రాగానే అది గుంటలోకి దూకేది.

అప్పుడు మగ్గం మీద గొల్లభామ చీర ఉంది. చల్లకుండ ఎత్తుకున్న భామల వరుస. ఒక్కో భామకు ఎన్నో రంగు దారాలు, ప్రతిదీ చేత్తో తిప్పాల్సిందే. మధ్యాహ్నం అన్నానికి లేచి వచ్చేసరికి పిల్ల నేసిన బట్ట మీదికి ఎక్కి పడుకుని ఉంది. అప్పటిదాకా ఆమె ఒడి ఆనిన చోటు. వెచ్చగా ఉండి ఉంటుంది. నిద్రలోనే పోసింది. ఎర్రదారం రంగు దిగి భామల కాళ్ళ కింద పాకింది.

ఆమె అరవలేదు. వినబడని మనిషి ముందు అరవడం ఎప్పుడో మానేసింది. అతన్ని చేయి పట్టి మగ్గం దగ్గరికి తీసుకొచ్చింది. మరక చూపించింది. పెదవులు కనబడేటట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఇంకొక్కసారి మగ్గం కాడ పోసిందంటె, నంగునూరు పర్శరాములన్నకు ఇచ్చేస్త."

"ఒక్కసారా?"

"ఒక్కసారే."

తెల్లారి కళ్ళు తెరవకముందే ఆమెకు వాసన వచ్చింది.

పర్శరాములుది నంగునూరు, కల్లుకు తాళ్ళు గీస్తాడు. దత్తాత్రికి చిన్ననాటి స్నేహితుడు. ఫోన్ చేస్తే సంబరపడ్డాడు. "తెచ్చుకుంట చెల్లే! తాళ్ళకాడ గుడిసె ఉన్నది, రాత్రయితె అడివిపందులు ఆగమాగం జేస్తున్నయ్. అంగడి నాడు వస్త, కట్టేసి పెట్టు."

దత్తాత్రికి ఆ మాటలు వినబడలేదు. ఆమె ఫోన్ పెట్టేసిన తీరు చూశాడు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దారం మాత్రం వేలికే ఉంది. అన్నానికి తట్టి లేపినా కదలలేదు. పిల్లకు కావలసి దారం గుంజినప్పుడు లేచాడు, మళ్ళీ వచ్చి గోడ వైపే తిరిగాడు. ఆ వీపును చూస్తూ బాలలక్ష్మి ముద్ద మింగింది. గుంట తుడవడం కష్టమే. గోడ వైపు తిరిగిన ఆ వీపుతో మళ్ళీ కాలం వెళ్ళదీయడం ఇంకా కష్టం. రెండూ తన మీదే పడేవి.

ఆ సాయంత్రం వాకిట్లో దారం గోడ దగ్గర చిక్కుకుని, అది విప్పే లోపల పిల్ల ఆపుకోలేక అక్కడే పోసింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆమెకు అప్పటికే ఒళ్ళు కాలుతోంది.

పొద్దున జ్వరంతో లేవలేకపోయింది. శ్వేత డ్యూటీకి పోతూ టీ పెట్టిచ్చింది. వాకిలి ఊడ్చేవాళ్ళు లేరు, సాన్పి చల్లేవాళ్ళు లేరు. పేడనీళ్ళు పడని వాకిలిని చూసి విజయమ్మ మెట్ల మీద నుంచి "గట్లనే పెట్టిన్రా వాకిలి!" అని లోపలికి పోయింది.

మంచం మీద నుంచి తెరిచిన తలుపులోంచి బాలలక్ష్మికి వాకిలి కనిపిస్తోంది. దారం గుంజింది. దత్తాత్రి లేచాడు. పిల్ల ముగ్గులేని వాకిట్లో ఇటూ అటూ తిరగలేదు. నేరుగా గోడ మూలకు పోయింది, వాసన చూసింది, కూర్చుని పోసింది. దత్తాత్రి వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. చేయి చాచి మూల చూపించాడు.

మరునాడు కూడా అంతే. ఆ రెండు రోజులు గుంట పొడిగా ఉంది.

జ్వరం తగ్గగానే ఆమె బకెట్‌లో పేడ కలిపి వాకిలంతా చల్లింది. కాసేపటికి పిల్ల వచ్చింది. మూలకు పోయింది. వాసన చూసింది. మోరి దాకా పోయి, మళ్ళీ మూలకు వచ్చి, తలెత్తి చూసింది. తర్వాత లోపలికి ఉరికింది.

ఆమె బకెట్ దింపలేదు. చేయి గుంజుతున్నా అట్లాగే నిలబడింది. రోజూ తెల్లారేసరికి దాని జాగను తుడిచేస్తున్నది తనే. నూలు తడుస్తుందని గుంటలోకి మాత్రం ఎన్నడూ నీళ్ళు పోనీయలేదు, పొడిగుడ్డతో అద్ది బూడిద చల్లేది. ఇల్లూ వాకిలీ అంతటిలో దాని వాసన మిగిలింది అక్కడొక్కటే.

దత్తాత్రికి ముక్కు చూపించింది, మూల చూపించింది, బకెట్ చూపించింది. అతను వంగి బకెట్ లోపలికి చూశాడు.

"అయితె నీ సాన్పితోనే వచ్చింది లొల్లి!" అన్నాడు. గల్లీ మళ్ళీ విన్నది.

మరునాడు ఆమె వాకిలంతా సాన్పి చల్లి, గోడ మూల పొడిగా వదిలేసింది. విజయమ్మ కిందికి దిగి వచ్చింది, మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ పట్టుకుంటూ.

"ఏమే బాలలక్ష్మీ, ఇంట్ల ఎవలన్న సచ్చిన్రా? వాకిలి ఎండబెట్టినవ్?"

"కుక్కపిల్ల కోసం అక్కా. జెర మూలకే."

"కుక్క కోసం లచ్చిందేవిని ఆపుతవా?"

"లచ్చిందేవి గింత జరిగి నడుస్తది తియ్ అక్కా."

"నా ఇంటి ముంగట గసొంటిది నడవది. వాకిలి మొత్తం చల్లాలె. చల్లకుంటె కుక్కను పంపాలె."

ఇన్నేళ్ళుగా విజయమ్మ వంతు వాకిలి కూడా బాలలక్ష్మే ఊడుస్తోంది. ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పుడు కూడా కోపంతో అనలేదు. ఓపిక లేక అన్నది.

"మంచిది అక్కా. రేపటి సంది వాకిలి నువ్వే చల్లుకో. నాకు శాతనైతలేదు."

చీపురు గోడకు ఆనించింది. విజయమ్మ చీపురును చూసింది, తన మోకాళ్ళను చూసుకుంది. మెట్లు ఎక్కుతూ సగంలో ఆగింది.

"సుట్టూ ముగ్గుగీత గియ్యి. మర్చిపోయి ఇడిసినట్టు అవుపడొద్దు."

గీసింది.

ఆ మధ్యాహ్నం నేత ఆపేసి గుంట పని పెట్టుకున్నారు. నూలు మీద పాత చీరలు కప్పింది. గుంటలోకి దిగబోతే దత్తాత్రి ఆమె భుజం పట్టి ఆపాడు. తనే దిగాడు. చెక్కలకు కట్టిన తాళ్ళు విప్పి, చెక్కలు బయట పెట్టి, గుంటంతా ఎర్రమట్టి, పేడ కలిపి అలికాడు. ఆరిన తర్వాత చెక్కలు మళ్ళీ లోపల పెట్టి తాళ్ళు కట్టాడు. ఏ తాడు ఏ చెక్కదో ఆమెను అడగలేదు.

అంగడి నాడు పర్శరాములు గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. టీ తాగుతూ దత్తాత్రి కాలి వేలు చూశాడు.

"ఏంది చెల్లే, బావను కట్టేసినవ్? కుక్కను కట్టేయమంటి గద!"

దత్తాత్రికి వినబడలేదు. సంచి మాత్రం చూశాడు. పిల్లను ఒడిలోకి తీసుకోలేదు, దాని వైపు చూడనైనా చూడలేదు. గోడ వైపు చూస్తున్నాడు. ఇంతలో దారం గుంజింది. లేచాడు. పిల్ల గడప దాటి, ముగ్గుగీత దాటి, మూలలో కూర్చుంది.

పర్శరాములు గ్లాసు పక్కన పెట్టాడు. "ఓర్నీ. జాగ చూసుకొని మరీ కూసున్నది."

"అన్నా, నువ్వు ఇంకోటి చూసుకో" అన్నది బాలలక్ష్మి.

"పిలిపిచ్చి గిట్లనా? మరి నా సంచి ఒట్టిగ పోవాల్నా?"

"ఉల్లిగడ్డలు కొనుక్కపో."

అతను నవ్వి సంచి దులుపుకున్నాడు. దత్తాత్రి గడప మీద నిలబడి, ఆ సంచి గల్లీ మలుపు తిరిగే దాకా చూశాడు. తర్వాత వచ్చి అన్నం పెట్టమన్నాడు.

కొన్నాళ్ళకు ఒక వాన మధ్యాహ్నం. బాలలక్ష్మి మగ్గం మీద ఉంది. ఎడమ పాదం మీద వెచ్చగా పడింది. ఆమెకు వెంటనే అర్థమైంది. వంగి చూసింది. సేట్ చెక్కల పక్కన చెవులు వెనక్కి వాల్చి ఆమె చేతినే చూస్తోంది. మెడ దగ్గర దారం తెగి వేలాడుతోంది. బయట వాన మూలను కడిగేసి ఉంటుంది.

మంచం మీద దత్తాత్రి గది వైపు తిరిగి నిద్రపోతున్నాడు. తెగిన దారం కొస ఇంకా వేలికే ఉంది.

ఆమె దిగింది. కాలు కడుక్కుంది. చిన్న గిన్నెలో పేడ కలిపి, నూలుకు తగలకుండా, ఆ మేరకు అలికింది. నడుం పట్టేసింది. గుంట అంచు పట్టుకుని నెమ్మదిగా లేచింది.

"ఏమైందే?" కళ్ళు తెరిచి గట్టిగా అడిగాడు అతను.

ఏం లేదని తల ఊపింది. మళ్ళీ పలక మీద కూర్చుని, తడి కాలితో చెక్క తొక్కింది.