నీరు రావచ్చన్న మనిషి

ఈ మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. మలేషియాలోని క్లాంగ్‌లో మా అమ్మాయి ఇంటి కిటికీలోంచి పోటునీటి బురద వాసన వచ్చింది. చేతిలో చేట పక్కన పెట్టి వాకిట్లోకి వెళ్లాను, లోపలికి వచ్చాను, మళ్లీ వెళ్లాను. "కూకో లా, అమ్మమ్మా. ఏటా తిరుగుడు?" అంది మనవరాలు, ఇక్కడివాళ్ల అలవాటుగా మాటకు 'లా' తగిలించి. కూర్చోలేను. ఈ గుణం నాకు సన్యాసయ్యగారి దగ్గర అంటుకుంది.

పెరాక్ నది సముద్రంలో కలిసేచోట మా కొబ్బరి ఎస్టేటు ఉండేది. ఆయన అక్కడ డ్రెస్సరు. అంటే డాక్టరు లేని ఆసుపత్రిలో కట్లు కట్టేదీ, మందులిచ్చేదీ, అంతా ఆయనే. పెళ్లయిన కొద్దికాలానికే నా భర్త పోతే, నన్ను ఆసుపత్రిలో ఆయాగా పెట్టుకున్నారు. మా కూలిలైన్లు, అంటే కూలీల వరస ఇళ్లు, పోటునీటి కంటే పల్లంలో ఉండేవి. మధ్యన అడ్డం ఒక మట్టి కరకట్టే. చిన్నతనంలో విశాఖపట్నం దగ్గర తన ఊరిని తుఫాను ముంచడం కళ్లారా చూసిన మనిషి ఆయన. ఆసుపత్రి గోడకు గాలి బరువు చూపే భారమితి ఒకటి వేలాడేది. దాన్ని రోగి నాడి చూసినట్టు చూసేవారు. "మన దేశంలో ఇది ఇడమరిచి సెప్తాది, పైడమ్మా. ఇక్కడ గొణుగుతాది," అనేవారు. అందుకని దాన్నొక్కదాన్నే నమ్మక, సముద్రం మీంచి గాలి ఎలా వీస్తోందో, అమావాస్య పోటు ఎంత దగ్గరలో ఉందో, ఎగువన వాన పడిందో లేదో, అన్నీ కలిపి ఆలోచించేవారు. ఆలోచిస్తూ ఒకచోట నిలబడేవారు కాదు.

ఒక వానాకాలం నీరొస్తుందన్నారు. జనం చాపలతో, మేకలతో మిట్టమీది కొబ్బరి ఎండబెట్టే కొట్టంలోకి చేరారు. సాయంత్రానికి మబ్బు విడిపోయింది. పని చెడిందని ఎస్టేటు దొర చీవాట్లు పెట్టాడు. కూలీల మీద మేస్త్రీ అయిన కంగాణి రాములు, ఆనాటి నుంచి ఆయన ఎదురుపడితే చాలు, "గొడుగు తెమ్మంటారేటి, డ్రెస్సరు బాబూ?" అనేవాడు.

మరుసటి ఏడు అమావాస్య ముందు పడమటి గాలి పట్టుకుంది. ఆయనకు అన్నం సయించలేదు. కరకట్ట దాకా వెళ్తారు, వస్తారు, భారమితిని వేలితో తడతారు, మళ్లీ వెళ్తారు. ఉండబట్టలేక అడిగాను.

"నీరొస్తాదా బాబూ?"

"తెల్దు."

"మళ్లీ రాకపోతే నవ్వుతారు కదా."

"నవ్వనీ. నవ్వడానికి మనుసులుండాల కదా."

ఇంటింటికీ వెళ్లారు, వెనకాల నేను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "ఒస్తాదని సెప్పలేను, రాదనీ సెప్పలేను. పిల్లల్నీ ముసిలోళ్లనీ మిట్టకి తోలండి." కంగాణి అడ్డం వచ్చాడు.

"పోయినేడూ ఇలాగే సెప్పినారు. దొరకి ఏటి సెప్పమంటారు?"

"నా పేరు సెప్పు."

కంగాణి కాసేపు గాలి హోరు విన్నాడు. తర్వాత ఇంట్లోకి వెళ్లి, తన చంటిబిడ్డను తెచ్చి నా చేతిలో పెట్టి, మిగతావాళ్లను పిలవడానికి పోయాడు.

మధ్యాహ్నం పోటుకు కరకట్ట తెగింది. మేం కొట్టం మెట్లమీంచి చూస్తుండగానే నల్లటి నీరు లైన్లలోకి చొరబడి తలుపులనూ కోళ్లగూళ్లనూ ఎత్తుకుపోయింది. మాలో ఒక్కరూ పోలేదు. కాని కాలవ అవతలి కంపుంగులో, అంటే మలాయ్‌వాళ్ల పల్లెలో, పాక్ సాలె కొట్టుకుపోయాడు. ఆసుపత్రికి చేపలు తెచ్చే ముసలి జాలరి అతను.

నీరు తీశాక కంగాణి అందరిముందూ డ్రెస్సరుగారి కాళ్లకు దండం పెట్టబోయాడు. ఆయన వెనక్కి జరిగారు. "అవతలోళ్లకి సెప్పనేదు. మనోళ్లే నా కళ్లల్లో ఉన్నారు," అన్నారు. తిన్నగా పాక్ సాలె ఇంటికి వెళ్లి, బురదలో కూర్చుని, అతని భార్యతో ఆ మాటే మలాయ్‌లో చెప్పారు. ఆమె లేచి ఆయనకు తాగడానికి నీళ్లిచ్చింది.

ఆపైయేడు మళ్లీ గాలి తిరిగింది. ఈసారి ఆయన ముందు కాలవ దాటారు. వాళ్లూ మేమూ కలిసి మిట్టకు చేరాం. నీరు రాలేదు. జనం చాపలు చుట్టుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆయన మాత్రం పొడిగా ఉన్న కరకట్టమీద కూర్చుని తీరిగ్గా చుట్ట కాల్చుకున్నారు. ఆయన అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

ఆయన పోయాక నేను మంత్రసానిగా బతికాను. ఏ కాన్పు ఎటు తిరుగుతుందో ముందుగా ఎవరికి తెలుస్తుంది? మనసులో ఏమాత్రం బెదురు పుట్టినా తెలుక్ ఆన్సన్ పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మనేదాన్ని. చాలామందికి అక్కడ సుఖంగానే అయ్యేది. తిరిగొచ్చి, "ఊరికే తిప్పినావు కదే పైడమ్మా," అని విసుక్కునేవారు. బిడ్డను చంకనేసుకుని వాళ్లు అలా తిడుతుంటే, నేను ఎదురు చెప్పకుండా చివరిదాకా వినేదాన్ని.