నార్బర్ట్ పుస్తకం అంచుల్లో

వెర్లాకు తెలియని సంగతి ఆ ఊళ్లో ఒక్కటే మిగిలింది. నార్బర్ట్ ఏటా దుప్పిని ఎక్కడ కొట్టేవాడు? మోంటానాలో ఆ కొండల కింద మనిషి తన జీతం చెబుతాడు, ఆపరేషన్ మచ్చ చూపిస్తాడు, వేట చోటు మాత్రం చెప్పడు. కాఫీ హోటల్లో ముప్పై ఏళ్లు ఆమెకు పక్క బల్ల నార్బర్ట్‌దే. ఎన్నిసార్లు అడిగినా, "అదిగో, ఆ పైన" అని ఆకాశం చూపించేవాడు. ఆ రహస్యం పట్టుకుని మొన్న మార్చిలో పోయాడు. వెర్లా మూడేళ్లుగా కొండలెక్కి ఉత్తచేతులతో దిగి వస్తోంది. ఇంట్లో అంత పెద్ద ఫ్రీజరు నిండా గుమ్మడికాయ ముక్కలే.

అందుకే నార్బర్ట్ కూతురు జోలీన్ తండ్రి సామాను అమ్మకానికి పెట్టిన రోజున, డెబ్బై రెండేళ్ల వెర్లా అందరికంటే ముందే వెళ్లి గ్యారేజీ ముందు మడతకుర్చీ వేసుకుంది. తుపాకులు, గాలాలు ఆమెకు అక్కర్లేదు. కావలసింది కొలతల పుస్తకం. ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్లకు ఏ తూటాకు ఎంత తుపాకిమందు వెయ్యాలో చెప్పేది అదే. నింపేవాడు దాని అంచుల్లో పెన్సిలుతో రాసుకుంటాడు. ఏ రోజు, ఎంత చలి, గురి ఎలా కుదిరింది, ఏ చోట. పెళ్లానికి చెప్పనివి కూడా అక్కడ రాస్తాడు.

బల్ల మీద నాలుగు పుస్తకాలున్నాయి. మూడు నిగనిగలాడుతున్నాయి. నాలుగోదాని వెన్ను విరిగి, పట్టుకుంటే ఒకే చోట తెరుచుకుంటోంది. ఆ పేజీలు వేపుడు మూకుడు కింద వేసిన కాగితంలా ఉన్నాయి. వెర్లా చెయ్యి చాచేలోపే ఆమె మరిది ఆర్లిస్ నాలుగింటినీ చంకలో పెట్టేసుకున్నాడు.

"ఏం వదినా, పొద్దున్నే చదువు మీద పడ్డావు?"

"ఆ పాతది నీకెందుకోయ్? కొత్తవి మూడూ పట్టుకెళ్లు."

"పాతదే కావాలి. నువ్వు దాన్ని చూసిన చూపు నేను చూశాలే."

వెర్లా కళ్లజోడు తుడుచుకుంది. అబద్ధమాడితే దొరికిపోతుంది. అందుకని నిజమే చెప్పింది.

"తీసుకో నాయనా. అచ్చయి యాభై ఏళ్లయింది. అందులో మందు పేరూ, ఇవాళ నువ్వు కొనే డబ్బా మీద పేరూ ఒకటే. లోపలి మందు ఒకటో కాదో నీ తుపాకీయే చెబుతుంది. ఇదివరకోసారి చెప్పింది కదా?"

వెనకున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆర్లిస్ ఒకసారి ఒక్క పుస్తకాన్నే నమ్మి, కింది కొలత నుంచి మెల్లగా రావలసింది పోయి ఏకంగా పై కొలత నింపాడు. తుపాకీ గడియ బిగుసుకుపోతే చెక్కసుత్తితో కొట్టి తెరిచాడు. ఊరంతా ఎరుగుదురు. ఊరికి చెప్పింది వెర్లాయే.

"ఆ సుత్తి కథ ఇంకెన్నాళ్లు చెబుతావు వదినా?"

"నువ్వు మళ్లీ సుత్తి ఎత్తేదాకా. నేనైతే తూటా కంపెనీవాళ్లదొకటి, మందు కంపెనీవాళ్లదొకటి, రెండూ కొత్తవే, పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. రెండూ కొట్టుకుంటే తక్కువ చెప్పినదాని మాట వింటాను. నీ చంకలో ఆ రెండూ ఉన్నాయి, చూసుకో."

"మరి ఈ ముసలిది నీకెందుకు?"

"నార్బర్ట్ చేతిరాత చూసుకోవాలని ఉందిరా."

ఆర్లిస్ నోరు తెరిచాడు. అన్న పోయి ఆరేళ్లు. వదిన ముఖాన్నీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, చెవులు ఎర్రబడి, దాన్ని గబుక్కున బల్ల మీద పెట్టేశాడు. ఈ కబురు సాయంత్రానికి ఊరు చుట్టొస్తుందని వెర్లాకు తెలుసు. అయినా దిద్దలేదు. జోలీన్ చేతిలో డబ్బు పెట్టి పుస్తకంతో బయటపడింది.

ఇంటికొచ్చి వంటగదిలో తెరిచింది. అంచున నార్బర్ట్ చీమరాత. "నవంబరు, మంచు. హాల్వర్ పై గడ్డిపొలం, విరిగిన గేటు దగ్గర." మరుసటి ఏడూ అదే గేటు. ఆ పై ఏడూ అదే.

హాల్వర్ ఆమె మొగుడు. ఆ గేటు ఈ కిటికీలోంచే కనిపిస్తోంది.

కింద ఇంకో మాట ఉంది. "ఏడు నుంచి తొమ్మిది లోపు రమ్మన్నాడు. ఆ వేళకు వెర్లా కాఫీ హోటల్లో ఉంటుందట. ఆమెకు చెప్పనని మాటిచ్చాను. చెబితే గేటు దగ్గర మనుషులే మిగులుతారు, దుప్పులు కాదు అన్నాడు."

వెర్లా ముందు మొగుణ్ని రెండు తిట్లు తిట్టింది. తర్వాత నవ్వు ఆగలేదు. ఎవరికైనా చెప్పకపోతే ప్రాణం పోయేలా ఉంది. ఫోను తీసి మూడంకెలు నొక్కి, కిటికీలోంచి గేటు వైపు చూసి, పెట్టేసింది.

వేట సీజను మొదటి రోజు కాఫీ హోటల్లో ఆమె కుర్చీ ఖాళీ. తూటాలు మాత్రం తన రెండు కొత్త పుస్తకాలు చూసే నింపింది. నార్బర్ట్ పుస్తకంలోంచి చోటు ఒక్కటే తీసుకుంది. వారం తిరిగేసరికి ఫ్రీజరులో గుమ్మడికాయ ముక్కలు పక్కకు జరగాల్సి వచ్చింది.

"ఎక్కడ కొట్టావు వదినా?" అన్నాడు ఆర్లిస్, ఆమె బల్ల మీదకు వంగి.

వెర్లా కాఫీ కప్పు దించకుండానే ఆకాశం చూపించింది.

"అదిగో, ఆ పైన."