మూడింటి సిగరెట్టు

మా అపార్ట్‌మెంటులో నా అంతటి బేరగాడు లేడని గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలను. రోజుకి ఐదు సిగరెట్లు తాగేవాణ్ణి, తొమ్మిదింటికి ఒప్పించాను. ఒప్పించింది ఎవరిననుకున్నారు? పొగ పడదు మొర్రో అంటున్న వాళ్లనే.

లాలాగూడ వైపు రెండో అంతస్తులో ఉంటాం. సికింద్రాబాద్ బజార్లో మాకు స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. నేను గల్లాపెట్టె పక్కనే పెరిగాను. కొట్టు అద్దెకిచ్చేశాక హోటళ్లకి గిన్నెలూ గంగాళాలూ ఫోన్ మీదే ఇప్పిస్తూ ఇంటిపట్టునే ఉంటున్నాను. గదుల్లో సిగరెట్టు మా ఆవిడ ముట్టించనివ్వదు, అందుకని బాల్కనీ. సరిగ్గా దానిపైన మూడో అంతస్తు వాళ్ల పడగ్గది కిటికీ. ఆ ఇంట్లో రిటైరైన టీచరమ్మ, ఆవిడ భర్త. ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవులు. పెద్దాయనకి ఆయాసం. పొగ తగిలితే దగ్గు, దగ్గు మొదలైతే ఊపిరందదు.

సంగతి అసోసియేషన్ మీటింగుకి వచ్చింది. నేను లేచి ఉపన్యాసమే ఇచ్చాను. “నా ఇల్లు, నా బాల్కనీ, నా ఊపిరితిత్తులు. రేపు మా వంటింట్లో ఇంగువ కూడా వెయ్యొద్దంటారా?” రెండు చప్పట్లు కూడా పడ్డాయి. సెక్రటరీ తల పట్టుకున్నాడు. “అన్నా, టీచరమ్మా, మీరిద్దరే కూసోని జెర మాట్లాడుకోండ్రి. మా నెత్తికెందుకీ పరేషాన్?”

మర్నాడు పొద్దున్నే ఆవిడ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో చిన్న పుస్తకం, పెన్ను.

“బాబూ, మీ ఇంట్లో మీరేం చేసుకున్నా వద్దనే హక్కు నాకు లేదు. నిన్న మీరన్నది నిజమే. ఎప్పుడెప్పుడు కాలుస్తారో చెప్పండి. ఆ టైముకి మేం కిటికీ వేసుకుంటాం.”

నాలోని కొట్టువాడు నిద్ర లేచాడు. మా దగ్గర మొదట చెప్పే ధర అమ్మే ధర కాదు. ఐదు కావాలంటే తొమ్మిది అనాలి. ఆవిడ మూడంటుంది, నేను గుండె బాదుకుంటాను, చివరికి ఐదు దగ్గర ఇద్దరం నవ్వుకుంటాం. తొమ్మిది టైములూ గడగడా అప్పజెప్పాను. ఆవిడ ఒక్కొక్కటీ రాసుకుని, “మూడు అంటే మధ్యాహ్నమే కదండీ?” అని అడిగి, థాంక్స్ చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయింది.

లోపల్నుంచి మా ఆవిడ అందుకుంది. “తొమ్మిదా? మిగతా నాలుగూ ఎవరు తాగుతారు, నేనా?”

“ఉండవే, ఆవిణ్ణి అడగనీ, తగ్గిస్తాను.”

ఆవిడ అడగలేదు. నేను అగ్గిపుల్ల గీసేలోపే పైన కిటికీ రెక్కలు పడేవి. మంత్రిగారి కారుకి ట్రాఫిక్ ఆపినట్టు. నాకూ కాస్త దర్జాగానే ఉండేది.

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం ఏసీ వేసుకుని కునుకు తీస్తుంటే బెల్ మోగింది. పై ఇంటివాళ్ల మందుల పార్సిలు, కొరియరతను మాకు ఇచ్చేసి పోయాడు. విసుక్కుంటూనే పైకెళ్లాను. మూడూ ఐదయింది.

టీచరమ్మ తలుపు ఓరగా తీసింది. “రండి బాబూ, త్వరగా లోపలికి రండి,” అని నా వెనకే మూసేసింది. ఆవిడ వెనకే పడగ్గదిలోకి వెళ్తే వేడి మొహానికి కొట్టింది. కిటికీ మూసుంది, దాని అడుగు పొడుగునా తడి తువ్వాలు కుక్కి ఉంది. కూలరు ఆపేశారు. అది బయటి గాలిని లోపలికి లాగుతుంది కదా. పెద్దాయన బనీనుతో మంచమ్మీద కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది.

గోడమీద ఒక కాగితం. స్కేలుతో గీసిన గడులు, బడి టైంటేబుల్లాగే. పైన మొదలుపెట్టిన తేదీ. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో తొమ్మిది వరసలు, ఒక్కోటి పావుగంట. సిగరెట్టుకి ఐదు నిమిషాలు, పొగ చెదరడానికి పది. ఆరో వరస: మధ్యాహ్నం మూడు నుంచి మూడుంపావు.

ఆవిడ గడియారం వంక చూసి, నా వంక చూసింది. మొహం విప్పారింది. “అయ్యో, మా పార్సిల్ కోసం మీది మానుకుని వచ్చారా!”

నోట్లో అబద్ధం సిద్ధంగానే ఉంది. ‘పర్లేదమ్మా’ అంటే చాలు, ఈ బేరంలో లాభం మీద లాభం. ఎందుకో రాలేదు.

“మూడింటికి నేనెప్పుడూ తాగలేదండీ. నిద్రపోతాను. నావి తొమ్మిది కాదు, ఐదే.”

“మరి తొమ్మిదన్నారు?”

“బేరం కదండీ... మీరు తగ్గించమంటారని.”

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గులోనే మళ్లీ నవ్వు. “ఈవిడతోనా బాబూ బేరం! కూరగాయల బండివాడు ఎంతంటే అంత ఇచ్చి వస్తుంది. నేనూ పాతికేళ్లు కాల్చినవాణ్ణే. మీ మూడింటి సిగరెట్టు వాసన రావట్లేదేమిటా అని నెలరోజులుగా అనుకుంటున్నా. కిటికీ బాగా మూస్తున్నావే అని ఈవిణ్ణి మెచ్చుకున్నాను కూడా!”

ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. “ఎన్ని కావాలో మీకే కదండీ తెలిసేది, నేనెలా తగ్గిస్తాను?” అంది, నిజంగానే అర్థంకానట్టు. తర్వాత సొరుగులోంచి స్కేలు, ఎర్ర పెన్ను తీసింది. “ఏ నాలుగు?” చెప్పాను. నాలుగు గీతలు, నాలుగూ తిన్నగా. తువ్వాలు తీసి కిటికీ తెరిచింది. కూలరు గరగరమని తిరిగింది. పెద్దాయన కళ్లు మూసుకుని ఆ గాలికి మొహం పెట్టాడు.

నా చిన్నప్పట్నుంచీ మా కొట్టుకి వేలమంది వచ్చారు. చెప్పిన మాటని చెప్పినట్టు, పూర్తి ధరకి తీసుకున్న మనిషిని నేనక్కడ చూడలేదు. అలాంటి మనిషి ముందు ఎలా నిలబడాలో మా నాన్న నేర్పలేదు. ఆయనకీ ఎదురుపడి ఉండరు. మెట్లు దిగుతుంటే ఏదో పెద్ద కొండని దగ్గరగా చూసి వస్తున్నట్టు ఉంది.

సిగరెట్టు మానేశానని చెప్పను, మానలేదు. సందు చివర టీ బండి దాకా నడిచి వెళ్తున్నాను. బద్ధకం వల్ల మూడుకి దిగాయి.

ఇక నా బేరానికి వాళ్లు కట్టిన బిల్లు. నిజంగా తాగిన ఐదింటినీ అందులోంచి తీసేద్దామని చూశాను, మనసొప్పలేదు. తాగినవాటికీ తాగనివాటికీ వాళ్లు మూసుకున్న కిటికీ ఒకటే. ఆ కాగితం మీది తేదీ నుంచి నలభై మూడు రోజులు, రోజుకి రెండుంపావు గంటలు. మొత్తం నాలుగు రోజుల ముప్పావు గంట. ఎండాకాలం, గాలి లేకుండా, ఇద్దరు మనుషులు. అందులో నలభై మూడు గంటలు నేను ముట్టించని సిగరెట్లవి.