మూడు వేళ్ళ ముద్ద

కృష్ణానగర్‌లో పంక్చర్ షాపు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ట్యూబుకు పూసే సొల్యూషన్ వాసన తగిలి ఆగిపోతాను. బండి ఎక్కడమ్మా అని షాపతను అడుగుతాడు, నాకు బండే లేదని చెప్పలేక చెప్పుల వంక చూసుకుంటాను. అది మా నాన్న వాసన. అందరి నాన్నలూ సిగరెట్టు వాసనో చెమట వాసనో వస్తే మా నాన్న పంక్చర్ వాసన వచ్చేవాడు, ఎందుకంటే ఆయన గ్రహాంతరవాసి.

హీరో అవుదామని భీమవరం నుంచి వచ్చి, ఆరడుగుల ఎత్తు పుణ్యమా అని జూనియర్ ఆర్టిస్టుల వెనక వరుసలో తేలిన ఆయనకు, తొంభైల మొదట్లో ఆదివారం పొద్దున టీవీలో వచ్చే సైన్సు సీరియల్‌లో ఆ వేషం దొరికింది. పరుపుల స్పాంజిని సొల్యూషన్‌తో అతికించి ఆకుపచ్చ రంగు కొట్టిన తొడుగు, తెరుచుకోని నోరు, చేతికి మూడేసి వేళ్ళు. గొంతు ఇంకెవరిదో, మొహం స్పాంజిది, టైటిల్స్‌లో పేరు మాత్రం "తదితరులు". ఎండాకాలమంతా జూబ్లీహిల్స్ బండల మధ్య అందులో ఉడికి, ఇంటికొచ్చి చెమటకాయల మీద పౌడరు చల్లమని వీపు చూపించేవాడు.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఆయన షూటింగుకు పోతే ఆ ఒక్క గదిలో నేనూ, కిరసనాయిలు స్టవ్వూ, మూతేసిన అన్నం గిన్నే. గోడకు జోకులు చెప్పి, నవ్వలేదని గోడనే తిట్టేదాన్ని. ఆయన కంచం ముందు కూర్చుంటే మాత్రం నేను ఎడమ పక్కన చేరాలి. పప్పూ ఆవకాయా, ఉన్న రోజున నెయ్యీ వేసి కలిపిన మొదటి ముద్దను, నావైపు చూడకుండానే చాచేవాడు. "ఆ అను, అమ్మలూ."

ఆ సీరియల్ మొత్తంలో సరదా భాగం ఒక్కటే. నౌక చెడిపోయి గ్రహాంతరవాసి పెళ్ళింట్లో పడతాడు. మగపెళ్ళివారు తెచ్చిన వేషగాడనుకుని పంక్తిలో కూర్చోబెట్టి వడ్డిస్తారు. మా ఇంటి ఓనరు పెద్దమ్మ గదిలో, వాడకట్టంతా చేరి చూస్తున్నాం. ఆకుపచ్చ మనిషి మూడు వేళ్ళతో ముద్ద చేసి, నోటి దగ్గరకు కాకుండా పక్కనున్న ఖాళీ విస్తరి వైపు చాచి, కాసేపలాగే ఉంచి, గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. గదంతా పడీ పడీ నవ్వింది.

"ఏందే, గీ రబ్బరు బొమ్మేనా మీ నాయిన? బుక్క యాడ పెట్టుకోవాల్నో గూడ తెల్వదాయె!" అంది పెద్దమ్మ.

"మా నాన్నేంటి పెద్దమ్మా, ఉత్తినే అన్నాను. మా నాన్నకి నోరెక్కడుందో తెలుసు" అని అందరికంటే గట్టిగా నవ్వి వెనక్కి తిరిగితే, సీతాఫలాలు కొనడానికి వెళ్ళిన నాన్న, పళ్ళ సంచితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బాగా చేశాడు కదమ్మా వాడు" అన్నాడు, తనూ నవ్వుతూ.

ఆ మధ్యాహ్నం ముద్ద ఎప్పటిలాగే ఎడమకు వచ్చింది. ఆయన మొహం చూడలేక, "నేనేం చిన్నపిల్లనా, నేనే తింటాలే" అన్నాను. మర్నాటినుంచి ఆ చెయ్యి చాచలేదు. అలకనుకున్నాను, రెండు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను.

ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరికొకరం సెలవిచ్చుకున్నాం. తర్వాత బండలు పగిలి బంగళాలయ్యాయి, మా గది ఉన్నచోట హాస్టల్ లేచింది, నాన్న పోయాడు. ఆయన ఉన్న ప్రతి ఫొటోలోనూ ఆయన మొహానికి ఎవరిదో భుజం అడ్డం.

ఈమధ్య ఎవరో పుణ్యాత్ములు ఆ సీరియల్ ఇంటర్నెట్‌లో పెట్టారు. పెళ్ళి భోజనం భాగం కింద, "ఇది వదిలేసి ముందుకెళ్ళండి, కథకు అక్కర్లేదు" అని రాశారొకరు. నేను మాత్రం దాన్నే, అన్నం చల్లారిపోతున్నా, మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. ముద్ద వెళ్ళింది ఎడమకు. నటన కాదు, మర్చిపోయాడంతే. కెమెరా ముందు, స్పాంజి లోపల, ఆయన కంచం పక్కన నేనున్నాననుకున్నాడు. కామెడీ అనుకుని వాళ్ళు ఉంచేశారు.

ఆ చెయ్యి చాచిన చోట ఆపి, ఫోన్‌ను చెంబుకు ఆనించి, చెయ్యి చూపించే వైపుకు జరిగి కూర్చున్నాను. నోరు తెరిచానా అని మాత్రం అడక్కండి.