అమ్మ కోపం, ఏనుగు పిల్ల

ఈ రోజు ఆఫ్రికాలో నేను ఉద్యోగం చేస్తున్న బోట్స్‌వానాలో, నన్ను చూడ్డానికొచ్చిన అమ్మా నేనూ జీపులో కూర్చుని, నది ఒడ్డుకు నీళ్లకొచ్చిన ఏనుగుల గుంపును చూశాం. నిరుడు విజయనగరం జిల్లాలోని మా ఊళ్లో ఏనుగులు మా చేలో పడి చెరుకంతా తొక్కేశాయి. అప్పటి నుంచి అమ్మకు ఏనుగంటే మంట. అందుకే మొహం తిప్పుకుని కూర్చుంది.

ఇంతలో ఒక పిల్ల ఏనుగు గట్టెక్కలేక బురదలో జారింది. ఓరకంట చూస్తున్న అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరే, పడిపోతన్నాది సూడు."

తల్లి ఏనుగు వెనక్కి వచ్చి, తొండంతో నెట్టి పిల్లను పైకెక్కించింది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

"మన సేన్లో పడినవాటికీ పిల్లలున్నాయి కదరా. ఆకలేసి వచ్చుంటాయి," అంది.

ఊళ్లో చెరుకుకు కాపలా కాస్తున్న నాన్నకు ఈ మాట ఎలా చెప్పాలో, మీలో తెలిసినవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.